మంత్రిగారూ, ఆ తల్లి ఏ బిడ్డ పేరు రాయాలి?

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జలవనరుల శాఖ మంత్రిగారికి,

నేను సున్నిపెంటలో పిల్లలకు తెలుగు చెప్పి రిటైరైన టీచర్ని. శ్రీశైలం డ్యాము కట్టడానికి వచ్చిన కూలీల పిల్లలూ, ఆ డ్యాము ముంచిన ఊళ్ల పిల్లలూ నా దగ్గర ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నారు. ఆ పరిచయం కొద్దీ ముంపు ఊళ్ల వాళ్లు ఇప్పటికీ అర్జీలు రాయించుకోవడానికి మా ఇంటికి వస్తుంటారు. ఆత్మకూరు నుంచి, నందికొట్కూరు నుంచి, కొత్తపల్లి, పగిడ్యాల మండలాల నుంచి వస్తారు. వాళ్లు చెప్పేదంతా అర్జీలో పట్టదు. అర్జీకి కావలసింది సర్వే నంబరు, అవార్డు నంబరు, తండ్రి పేరు. మిగతాదంతా నా దగ్గరే ఉండిపోయింది. దాన్ని తమరికి చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

98 జీవో ఫైలు తమరి శాఖలోనే ఉంది. శ్రీశైలం ప్రాజెక్టులో ఇల్లో పొలమో పోగొట్టుకున్న కుటుంబంలో ఒకరికి ఉద్యోగం ఇస్తామని 1986లో ప్రభుత్వం రాసిచ్చిన మాట అది. ఇన్నేళ్లలో కొందరికి ఉద్యోగాలు వచ్చాయి. లస్కరు, వాచ్‌మన్ లాంటి చిన్న ఉద్యోగాలే ఎక్కువ. రానివాళ్లు కలెక్టరాఫీసుల ముందు టెంట్లు వేసుకుని కూర్చుంటూనే ఉన్నారు. ఆనాడు ఇరవై ఏళ్ల కుర్రవాడికి ఈనాడు అరవై. ఈ ఆలస్యం గురించి పేపర్లలో చాలాసార్లు వచ్చింది, ఎమ్మెల్యేలు అసెంబ్లీలో మాట్లాడారు. ఆ బాకీ తీర్చమని నేనూ అడుగుతున్నాను. కానీ నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది వేరు. కుటుంబానికి ఒకరు అన్న ఆ లెక్క ఒక తల్లి కడుపున పుట్టినవాళ్ల మధ్య ఏం చేసిందో ఏ ఆఫీసరూ చూడలేదు. అది కొట్లాటగా బయటపడితే కనీసం పంచాయితీకైనా వచ్చేది. రాలేదు. ఇళ్లలోనే ఉండిపోయింది.

మొదటి నుంచి చెబుతాను. 1963 జులై 24న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన నాటికి ఇది కరెంటు కోసం తలపెట్టిన ప్రాజెక్టు. సాగునీటి కాలువలు తరువాత వచ్చి చేరాయి. నిండు నీటిమట్టం 885 అడుగులు. ఆ అంకె ఈ ప్రాంతంలో అక్షరం రాని ముసలమ్మకు కూడా తెలుసు. తన ఇల్లు ఆ అంకెకు లోపల ఉందా బయట ఉందా అన్నదాని మీదే ఆమె బతుకు తేలింది మరి. 1981 ఎండాకాలంలో ఊళ్లు ఖాళీ చేయించారు. ఆ పనికి పెట్టిన పేరు ఆపరేషన్ డిమాలిషన్. అటు మహబూబ్‌నగర్, ఇటు కర్నూలు జిల్లాల్లో కలిపి వందకు పైగా ఊళ్లు, లక్షమందికి పైగా మనుషులు. మిద్దెలు కూల్చుకుని దూలాలు, ద్వారబంధాలు బండ్లకెత్తుకుని, పరిహారం డబ్బు మూట కట్టుకుని ఎవరికి తోచిన దిక్కుకు వాళ్లు వెళ్లారు. పెద్దాయన కొడుకులు నందికొట్కూరులో, చిన్నాయన కొడుకులు కర్నూలు శివారులో, అత్త బిడ్డలు హైదరాబాదులో అడ్డా మీద తేలారు.

ఆ రోజుల్లోనే కృష్ణా, తుంగభద్రలు కలిసే చోటున్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో మళ్లీ నిలబెట్టారు. మంచి పనే. రాయి పక్కన ఉండాల్సిన రాయి అక్కడికే చేరింది. ఒక వీధిలో పక్కపక్క ఇళ్లలో బతికిన అన్నదమ్ముల్ని కొత్తచోటనూ పక్కపక్కన ఉంచాలన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాలేదు. తమరు ఆ శాఖలో ఉన్నారు గనుక అడుగుతున్నాను, ఆనాటి ఫైళ్లలో అట్లాంటి నోటు ఒక్కటైనా కనిపిస్తే నాకు తెలియజేయండి.

ఊరు విడిచిన అయిదేళ్లకు జీవో వచ్చింది. చెదిరిపోయిన ఇళ్లకు అది ఒక ఆశ. అప్లికేషన్‌లో ఒక గడి ఉంటుంది, ఉద్యోగం కోరుతున్న కుటుంబ సభ్యుని పేరు అని. ఒక్కటే గడి. తండ్రి బతికి ఉంటే ఆయన చెప్పినట్టు రాశారు. తండ్రి లేని ఇళ్లలో తల్లిని అడిగారు. అట్లా అడిగించుకున్న ఒక తల్లి చాలా ఏళ్ల తరువాత నా దగ్గర కూర్చుని చెప్పింది. ముగ్గురు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు ఆమెకు. "ఐదుగురినీ ఒకే తొట్లో ఊపినా టీచరమ్మా. కాగితం మీద ఒకన్ని రాయమన్న్యారు. మిగిల్నోల్లు నా బిడ్డలు గాదా?" అంది. పెద్దోడి పేరు రాసింది. వాడికి చదువు తక్కువ, నలుగురు పిల్లలు, అందుకని. చిన్నోడు పదో తరగతి పాసయ్యాడు, వాడికైతే ఇంకా మంచి ఉద్యోగం వచ్చేదేమోనన్న శంక ఆమెను వదల్లేదు. చిన్నోడు ఏనాడూ ఒక్క మాట అనలేదు. అనకపోవడమే తనను తినేస్తోందని ఆమె చెప్పింది. చిన్నోడి ఇంట్లో ముద్ద దిగదు, పెద్దోడి ఇంట్లో నిద్ర పట్టదు.

ఈ మాట విన్నాక నేను అర్జీదారులను జీవో సంగతి అడిగే తీరు మార్చుకున్నాను. ఎవరికి వచ్చింది, ఎప్పుడు వచ్చింది అని అడగడం మాని, రానివాళ్లు ఎవరని అడగడం మొదలుపెట్టాను. అప్పుడు ఇళ్లు వేరుగా కనిపించాయి.

ఇద్దరన్నదమ్ములున్న ఒక ఇంటి సంగతి చెబుతాను. పేర్లు రాయను, వాళ్లు ఇప్పటికీ ఒకరికొకరు కావలసినవాళ్లే. పెద్దతను కాలువ మీద లస్కరు. షట్టర్లు ఎత్తడం, దించడం, గట్టు చూసుకోవడం అతని పని. రిటైరయ్యాడు, పెన్షన్ వస్తుంది. రెండోవాడు కర్నూలు మార్కెట్ యార్డులో హమాలీగా మూటలు మోశాడు. నడుము పడిపోయాక ఊళ్లో చిన్న బంకు పెట్టుకున్నాడు. ఉద్యోగం వచ్చిన కొత్తలో పెద్దలను కూర్చోబెట్టి బాండు పేపరు మీద రాసుకున్నారు. జీతంలో తమ్ముడి పిల్లల చదువుకు ఇంత, తల్లి మందులకు ఇంత అని. కొన్నేళ్లు జరిగింది. తరువాత పెద్దతని పిల్లలు కాలేజీకొచ్చారు, ఖర్చులు పెరిగాయి, ఇచ్చేది తగ్గి ఆగిపోయింది. ఎవరూ అడగలేదు, ఎవరూ సంజాయిషీ చెప్పలేదు. ఉగాదికి వదిన తమ్ముడి పిల్లలకు బట్టలు పంపుతుంది. తోడికోడలు వాటిని మడత విప్పకుండా పెట్టెలో పెడుతుంది. పెళ్లిళ్లలో ఇద్దరూ ఒకే పంక్తిలో కూర్చుని భోంచేస్తారు, నవ్వుతూ మాట్లాడుకుంటారు. ఉద్యోగం ఊసు వచ్చే సరికి ఇద్దరిలో ఒకరు లేచి బయటికి వెళ్తారు.

వీళ్లలో తప్పు ఎవరిదని అడిగితే నేను చెప్పలేను. ఉద్యోగం తీసుకున్నవాడు దొంగిలించలేదు, ఇంటివాళ్లు రాసిస్తేనే తీసుకున్నాడు. రానివాడికి అసూయ లేదు, అన్న బాగుండాలనే కోరుకుంటాడు. అయినా ఇద్దరి మధ్య ఆ కాగితం ఉంది. ఊరు, ఇల్లు, పొలం అందరూ కలిసి పోగొట్టుకున్నారు. దానికి బదులుగా వచ్చింది మాత్రం ఒకడి చేతికే వచ్చింది. ఆ పొలంలో పంట పండి ఉంటే ఒక్కడే తినేవాడు కాదు గదా!

మా రాయలసీమలో ఇల్లటం ఆచారం తమరికి తెలిసే ఉంటుంది. మగపిల్లలు లేని ఇంట్లో ఒక అల్లుణ్ణి తెచ్చుకుని కొడుకులాగా పెట్టుకుంటారు. పొలం చూసుకోవడం, ముసలివాళ్లను సాకడం అతని బాధ్యత. ముగ్గురు ఆడపిల్లలున్న ఒక ముంపు ఇంట్లో ఇల్లటపు అల్లుడి పేరు రాశారు. ఇల్లటం వచ్చింది పొలం కోసం, పొలం నీళ్లలో పోయింది, పొలానికి బదులుగా అతనికి ఉద్యోగం వచ్చింది. మిగతా ఇద్దరక్కలూ ఆ ఊళ్లోనే పుట్టారు, ఆ చేలోనే కలుపు తీశారు. ఉద్యోగం చేసిన మనిషి పెళ్లయ్యేదాకా ఆ ఊరి పొలిమేర కూడా చూడనివాడు. అతను మంచివాడే, అత్తామామలను చివరిదాకా చూశాడు. కానీ పెద్దక్క నాతో అన్న మాట ఇది: "మేం కూడా ఆ ఊరోల్లమే అని సర్కారు యాడన్నా ఒక కాగితం మీద రాసిందా అమ్మా?"

రాయలేదు. అది వెతకబోయినప్పుడే నాకు ఒక సంగతి తట్టింది. తమరు దీని దగ్గర కాస్త ఆగాలని కోరుతున్నాను. 98 జీవో వచ్చిన అదే 1986లో, అదే ఎన్టీ రామారావుగారి ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టానికి సవరణ తెచ్చి, ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. దాన్ని వెనకటి తేదీకి, 1985 సెప్టెంబరు 5 నుంచే వర్తించేటట్టు చేసింది. దేశమంతటికీ అటువంటి హక్కు రావడానికి 2005 దాకా పట్టింది. సుప్రీంకోర్టు ఆ హక్కు పుట్టుకతో వచ్చేదేనని 2020లో ఖాయం చేసింది. అంత ముందుచూపున్న చట్టం మన రాష్ట్రానిది. కానీ ముంపు ఊళ్ల ఆడపిల్లకు అది ఏ ఉపకారమూ చేయలేదు. హక్కు పుట్టేనాటికి పొలం నీళ్ల కింద ఉంది. పరిహారం అప్పటికే తండ్రి చేతికో అన్నల చేతికో వెళ్లింది. ఇక మిగిలింది ఆ ఒక్క ఉద్యోగమే. కూతురికి సమానహక్కు ఇచ్చిన ప్రభుత్వం అదే ఏడాది ఆ ఉద్యోగాన్ని ఇంటికి ఒక్కరన్నది. ఒక్కరంటే మన ఇళ్లలో ఎవరి పేరు రాస్తారో తమరికి వేరే చెప్పనక్కర్లేదు.

పుట్టిల్లు మునిగిన ఆడపిల్ల సంగతి ఇంకొంచెం చెప్పనివ్వండి. మగపిల్లవాడు ఎక్కడికి పోతే అక్కడ ఇల్లు కట్టుకుంటాడు. ఆమెకు పుట్టింటికి పోవడమంటే ఒక ఊరికి పోవడం. బస్సు దిగగానే వీధిలో నలుగురు పలకరించాలి, అరుగు మీద జేజి కూర్చుని ఉండాలి, ఒడిబియ్యం పోసేటప్పుడు ఇరుగుపొరుగు రావాలి. ముంపు తరువాత ఆమె పుట్టిల్లు అంటే కర్నూలులో అన్న అద్దెకున్న రెండు గదులు. ఆ రెండు గదుల్లో వదినకూ మరదలికీ ఇద్దరికీ ఇరుకే. ఏడాదికొకసారి వెళ్లే ఆడపడుచు మూడేళ్లకొకసారి వెళ్లింది, ఆ తరువాత చావుకో పెళ్లికో మాత్రమే వెళ్లింది. రాఖీ, ఉగాది ఫోన్లోనే అయిపోతాయి. ఎవరూ తెంచుకోలేదు మంత్రిగారూ, పోవడానికి చోటు లేక ఆగిపోయారు.

నీళ్లు బాగా తగ్గిన ఎండాకాలంలో ముచ్చుమర్రి వైపు వెళ్లి చూడండి. కూడవెల్లిది కాక మరో గుడి, సప్తనదుల సంగమేశ్వరం, అక్కడ బయటపడుతుంది. 1981లో మునిగాక 2003లోగానీ అది మళ్లీ కనిపించలేదు. వేపమొద్దు లింగాన్ని చూడటానికి వచ్చే భక్తుల్లో ముంపు ఊళ్ల ఆడవాళ్లు చాలామంది ఉంటారు. దండం పెట్టుకున్నాక వాళ్లు బురదలో నడుచుకుంటూ పోయి, ఇది మా బావి, ఇది మా కల్లం, ఇక్కడ మా వంటిల్లు అని మనవరాళ్లకు చూపిస్తారు. ఎన్నడూ కలవని అక్కాచెల్లెళ్లు అక్కడ కలుసుకుంటారు. నీళ్లు తీసిన ఒండ్రు భూమిలో పైరు పెట్టుకునే రైతులు కూడా ఎక్కువమంది ఆ ఊళ్ల వాళ్లే. అన్న ఏ చెక్క దున్నాలి, తమ్ముడు ఏ చెక్క దున్నాలి అన్నది పాత గట్ల గుర్తులను బట్టి ఇప్పటికీ వాళ్లే తేల్చుకుంటారు. ప్రభుత్వం కొనేసుకున్న భూమి అది, ఏ హక్కూ లేదని వాళ్లకు తెలుసు. అయినా అక్కడ పంపకం సమానంగా జరుగుతుంది. ఆఫీసులో జరగని సమానం అక్కడ ఎందుకు జరుగుతోందో తమరు ఆలోచించాలి.

వరద వచ్చి గేట్లెత్తే రోజు పెద్దలు శ్రీశైలం వస్తారు. కృష్ణమ్మకు పసుపు, కుంకుమ, చీర సమర్పించి హారతి ఇస్తారు. ఉగాదికి కన్నడ భక్తులు వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, కైలాసద్వారం మీదుగా నల్లమలలో నడిచి వస్తారు. భ్రమరాంబ తల్లి వాళ్ల ఇంటి ఆడపడుచు, మల్లన్న అల్లుడు. ఎండలో కాళ్లు బొబ్బలెక్కినా ఆడపడుచు దగ్గరికి సారె తీసుకుని వస్తారు. నదిని, దేవతను ఇంటి ఆడబిడ్డగా చూసుకోవడం నాకు ఎంతో ఇష్టమైన మన సంప్రదాయం. దాన్ని మనసారా నమ్ముతాను గనుకనే అడుగుతున్నాను. ఆ నీటి కింద పుట్టిళ్లు పోయిన ఆడబిడ్డలకు కూడా ప్రభుత్వం పుట్టింటివాళ్లలాగా నిలబడాలి.

పాత సంగతి తవ్వుకుని లాభమేమిటి అని తమరి ఆఫీసర్లు అనవచ్చు. పాతది కాదు. శ్రీశైలంలో నిలిచిన ఈ నీళ్లే పోతిరెడ్డిపాడు దాటి గోరకల్లు, అవుకు మీదుగా కడప జిల్లా గండికోటకు చేరుతున్నాయి. ఆ నీళ్లతో గండికోట నింపడానికి 2020లో కొండాపురం మండలం తాళ్లప్రొద్దుటూరు ఖాళీ అయింది. సీమకు నీళ్లు రావాలి, అందులో నాకు రెండో మాట లేదు. ఎండిన బావుల పక్కన పెరిగినదాన్ని. నీళ్లకోసం ఊరిచ్చిన మనుషుల లెక్క సరిగా రాయమనే అడుగుతున్నాను.

ఇప్పుడు చట్టం కూడా మారింది. 2013 భూసేకరణ చట్టం కుటుంబాన్ని పాత పద్ధతిలో లెక్కపెట్టదు. పద్దెనిమిదేళ్లు నిండిన ప్రతి మనిషీ, ఆడైనా మగైనా, పెళ్లయినా కాకపోయినా, పునరావాసంలో విడి కుటుంబం. వితంతువులు, విడాకులు పొందినవాళ్లు, ఇంటివాళ్లు వదిలేసిన ఆడవాళ్లు కూడా విడి కుటుంబాలే. ప్రాజెక్టు వల్ల ఉద్యోగాలుంటే ఉద్యోగం, లేదంటే 5 లక్షల రూపాయలు, కాదంటే ఇరవై ఏళ్లపాటు నెలకు 2 వేలు, ఏది కావాలో వాళ్లే ఎంచుకోవచ్చు. ఆ తల్లి వేసిన ప్రశ్నకు దాదాపు ముప్పై ఏళ్లు ఆలస్యంగానైనా దేశం జవాబు చెప్పినట్టే.

జవాబు చట్టంలో ఉంది, సర్వే చేసే మనిషి చేతిలో లేదు. పోలవరం ముంపులో ఇంకా కదలాల్సిన కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. సర్వే నాటికి పద్దెనిమిది నిండలేదని పక్కన పెట్టిన పిల్లలు, పనులు సాగుతుండగానే పెళ్లీడుకొచ్చారు. తమనూ లెక్కలోకి తీసుకోమని వాళ్లు అడుగుతూనే ఉన్నారు. ఒకే ఇంట్లో ఒక తేదీకి అటు పుట్టిన అన్నకు ప్యాకేజీ, ఇటు పుట్టిన చెల్లెలికి ఏమీ లేకపోతే, మరో ముప్పై ఏళ్ల తరువాత అక్కడ కూడా బట్టలు మడత విప్పకుండా పెట్టెలో పెట్టుకుంటారు. అన్నాచెల్లెళ్ల మధ్య ప్రభుత్వం ఒక తేదీ పెట్టగూడదు. ఊరు కదిలే రోజు ఎవరికి పద్దెనిమిది నిండితే వాళ్లను లెక్కపెట్టాలి.

శ్రీశైలం వాళ్ల విషయంలో నేను కోరేది పెద్దది కాదు. 98 జీవో కింద తేలని పేర్లను ఊరివారీగా గ్రామ సచివాలయాల్లో అందరికీ కనబడేటట్టు పెట్టించండి. ఆ జాబితాలో అప్లికేషన్ పెట్టినవాడి పేరుతో పాటు ఆ ఇంట్లో పుట్టిన అందరి పేర్లూ ఉండాలి, ఆడపిల్లల పేర్లతో సహా. వయసు దాటిపోయి ఉద్యోగం ఇవ్వలేని చోట డబ్బు ఇవ్వాలని నిర్ణయిస్తే, దాన్ని ఒక్కరి ఖాతాలో వేయకండి. తోబుట్టువులందరికీ సమానంగా ఎవరి ఖాతాలో వాళ్లకు వేయండి. మొత్తం చిన్నదే కావచ్చు, ఒక్కొక్కరికి కొన్ని వేలే రావచ్చు, అయినా విడిగానే వేయండి. ఆ పెద్దక్క బ్యాంకు పుస్తకంలో మునిగిన తన ఊరి పేరు మీద ఒక వరుస పడుతుంది. ఆమె అడిగిన కాగితం అదే. ఉద్యోగమే ఇస్తామంటే దయచేసి ముసలితల్లిని ఒక పేరు చెప్పమని అడగకండి. పిల్లలందరినీ ఒక రోజు పిలిచి కూర్చోబెట్టండి, వాళ్లే మాట్లాడుకుని తేల్చుకుంటారు. ఒండ్రు భూమిని పంచుకున్నవాళ్లకు అది చేతకాని పని కాదు.

ఇంకొకటి. ఇంతవరకు ఇట్లాంటి విచారణలకు నోటీసులు ఇంటి పెద్దకొడుకు పేరున వెళ్లాయి. ఈసారి పిలిచేటప్పుడు ఆ ఇంటి ఆడపిల్ల నోటీసు అన్న చేతికిచ్చి పంపవద్దు. ఆమె పేరు మీద, ఆమె మెట్టినింటి చిరునామాకే పంపించండి.

ఇట్లు,
ఒక రిటైర్డు తెలుగు టీచరు,
సున్నిపెంట, శ్రీశైలం మండలం.